చిగురు వాచి చీము పడితే పన్ను కాపాడుకోవడం ఎలా?

మా నాన్నకు కింది దవడ పన్ను దగ్గర చిగురు వాచి చీము పట్టింది. మిర్చి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయాక చూపించుకుంటా అని మందుల షాపు గోలీలతోనే నెల గడిపాడు, నొప్పి తగ్గింది కూడా, కానీ రెండు నెలలకు పన్ను పీకేయాల్సి వచ్చింది. అందుకే చెప్తున్నా, నొప్పి పోతే రోగం పోయినట్టు కాదు. చాలాసార్లు చీము తనే దారి చేసుకుని బయటికి కారుతుంది, అందుకే సలుపు ఆగుతుంది. చిగురు మీద చిన్న మొటిమలాంటిది వచ్చి పోతూ ఉంటే లోపల చీము ఉన్నట్టే.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించండి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. సూదితో పొడవొద్దు, జర్దా పెట్టొద్దు, బయట చెంపకు వేడి కాపడం అసలే వద్దు.

డాక్టర్ ఎక్స్‌రే తీసి, పన్నుకు చల్లటిది తాకించి లోపలి నరం బతికుందా లేదా చూస్తారు. అసలు విషయం ఇక్కడే ఉంది. నరం బతికుంటే చీము ఎక్కువగా పంటికీ చిగురుకూ మధ్య సందులోంచి వచ్చినట్టు, అప్పుడు చీము తీసి వేరు దాకా గార శుభ్రం చేస్తారు. నరం చచ్చిపోతే రూట్ కెనాల్ చేయాలి, అంటే పంటి లోపలి చచ్చిన నరం తీసి, శుభ్రం చేసి, ఆ ఖాళీని నింపడం. యాంటీబయాటిక్ జ్వరం ఉన్నప్పుడో, వాపు పాకుతున్నప్పుడో తోడుగా ఇస్తారు, అదొక్కటే వాడితే చీము మళ్లీ వస్తుంది. పన్ను కదులుతోందని మొదటి రోజే పీకించుకోవద్దు, చీము తగ్గాక చాలా పళ్లు మళ్లీ గట్టిపడతాయి, ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రేలో చూపించమని అడగండి. వేరు నిలువునా చీలి ఉంటే మాత్రం సాధారణంగా పీకక తప్పదు.

చీము మాటిమాటికీ పడుతుంటే షుగర్ టెస్ట్ చేయించండి, షుగర్ ఎక్కువుంటే చిగురు మానదు.

వాపు దవడ కిందికో కంటి దాకానో పాకినా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రయినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోండి.

రూట్ కెనాల్ అయ్యాక దవడ పన్నుకు క్యాప్ వేయించుకోండి, క్యాప్ వేసేదాకా ఆ పక్క సకినాలు కొరకొద్దు.