వేసవికి ముందే మానసిక వార్డుల్లో సరిదిద్దుకోవలసిన ఎస్‌ఓఎస్ (అవసరమైతే ఇచ్చే) మందులు

గత నెలాఖరున విజయవాడలో మేము పనిచేసే వార్డులో, మేనియాతో (అతి ఉద్రేకపు మానసిక జబ్బుతో) చేరిన ఒక యువకుడిని తెల్లవారుజామున ఐసీయూకి తరలించవలసి వచ్చింది. ఒళ్లు కర్రలా బిగిసిపోయింది, జ్వరం 104 డిగ్రీలు దాటింది, పిలిస్తే పలకలేదు. ప్రాణం దక్కింది. కేస్‌షీటు తిరగేస్తే ఉద్రేకాన్ని తగ్గించే హాలోపెరిడాల్ 10 మి.గ్రా. మాత్ర రోజుకు రెండుసార్లు రెగ్యులర్‌గా పడుతోంది. అదే మందు 5 మి.గ్రా. ఇంజక్షన్‌గా మధ్యాహ్నం డ్యూటీలో ఒకసారి, రాత్రి డ్యూటీలో రెండుసార్లు పడింది. మొత్తం 35 మి.గ్రా. అయిందని కూడి చూసినవారు లేరు. ఆర్డరులో మందు పేరు పక్కన ఉన్నది ఒక్క మాటే: ఎస్‌ఓఎస్.

ఇన్నేళ్లలో నేను చూసిన ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇలా ఎస్‌ఓఎస్ అని రాసి ఊరుకోవడమే. ఏ లక్షణానికి ఇవ్వాలి, రెండు డోసుల మధ్య ఎంత విరామం ఉండాలి, రెగ్యులర్ మందుతో కలిపి 24 గంటల్లో ఎంత మించకూడదు అన్న మూడూ లేనిది ఆర్డరు కాదు. ‘మాత్ర లేదా ఇంజక్షన్’ అని ఒకే వరుసలో రాయడమూ ఈ తప్పు కిందికే వస్తుంది, ఎందుకంటే హాలోపెరిడాల్ మాత్రలో సుమారు మూడింట రెండు వంతులే రక్తంలోకి చేరుతుంది, ఇంజక్షన్ దాదాపు అంతా చేరుతుంది.

రెండో ఇంజక్షన్‌కు ముందు మనిషిని చూడండి. మంచం మీద కూర్చున్నవాడు వెంటనే లేచి, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ‘కాళ్లు నిలవడం లేదు సిస్టర్’ అంటుంటే, అది జబ్బు ముదరడం కాకపోవచ్చు. హాలోపెరిడాల్ తెచ్చిపెట్టిన అకథీసియా (ఒకచోట నిలవనివ్వని అస్థిమితం) కావచ్చు, దానికి మళ్లీ అదే ఇంజక్షన్ ఇస్తే ఇంకా పెరుగుతుంది. మూత్రం ఆగిన పొత్తికడుపు, పడిపోయిన షుగరు, మద్యం మానిన మూడోనాటి వణుకు కూడా మనిషి చేత కేకలు పెట్టిస్తాయి.

మన ఎండల్లో ముప్పు ఎక్కువ. హాలోపెరిడాల్‌తో పాటు ఇచ్చే ఫెనర్గాన్, పాసిటేన్ చెమటను తగ్గిస్తాయి. నీళ్లు తాగని రోగికి మోతాదు మార్చకపోయినా మేనియాకు ఇచ్చే లిథియం రక్తంలో పెరుగుతుంది. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిన రాత్రి వార్డంతా విసుక్కుంటుంది (మనమూ విసుక్కుంటాం), ఉక్కపోతకు ఇంజక్షన్ మందు కాదు.

ముందు మాట, మంచినీళ్లు, సందడి లేని చోటు, తర్వాత మాత్ర, చివరికే ఇంజక్షన్.
ఉద్రేకానికి ఇచ్చే ఒలంజపిన్ ఇంజక్షన్‌తో పాటు మత్తు కలిగించే లోరాజెపామ్ ఇంజక్షన్ ఇవ్వకండి. బీపీ, శ్వాస పడిపోవచ్చు.
ఇంజక్షన్ తర్వాత గంటకోసారైనా నాడి, బీపీ, శ్వాస, జ్వరం, స్పృహ చూసి రాయండి. నిద్రపోతున్నాడు కదా అని వదలకండి.
ఒళ్లు బిగిసి జ్వరం వస్తే హాలోపెరిడాల్ ఆపి డాక్టరును పిలవండి.
సిబ్బంది తక్కువని మత్తులో ఉంచకండి; ఆ సాకుతో రోగిని కట్టివేయడాన్నే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.
ఉదయం రౌండ్స్‌లో అక్కర్లేని ఎస్‌ఓఎస్ కొట్టేయండి.
డ్యూటీ మారేటప్పుడు 24 గంటల మొత్తం మిల్లీగ్రాముల్లో చెప్పండి, రాయండి.
ఎస్‌ఓఎస్ అని మాత్రమే ఉంటే ఇవ్వకండి. ఎంత రాత్రయినా డాక్టరును లేపి లక్షణం, విరామం, 24 గంటల పరిమితి మూడూ రాయించండి.