ప్రహరీ దాటి పెరట్లో పడే చెత్త: సమస్య - పరిష్కారం

చెత్త కనిపించగానే చీపురు పట్టకండి. ఏ చెత్త, ఏ మూల పడిందో ముందు చూడండి. ఎలా వచ్చిందో అక్కడే తెలిసిపోతుంది.

సమస్య: మొక్కల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి చిప్స్ కవర్లు, టీ కప్పులు.
కారణం: గాలి. విశాఖలో సముద్రానికి దగ్గరలోని ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీల్లో ఇది మామూలే. ఎవరినీ అనుమానించకండి.
పరిష్కారం: గేటు కింది సందుకు సన్నని వల బిగించండి.

సమస్య: ముడివేసిన సంచి, ఎప్పుడూ ఒకే మూల.
కారణం: చాలాసార్లు చెత్త బండి వచ్చే వేళకు ఇంట్లో ఉండని వారి పని ఇది. మూల చీకటిగా, పిచ్చిమొక్కలతో ఉంటే వారికి మరీ అనువు.
పరిష్కారం: మూల శుభ్రం చేసి లైటు పెట్టండి. మనిషి ఎవరో తెలిస్తే గొడవకు దిగకండి. “మీ సంచి మా గేటు దగ్గర పెట్టండి, బండికి మేమే ఇస్తాం” అంటే చాలామంది దారికొస్తారు. అప్పటికీ మానకపోతే ఫొటోలతో వార్డు సచివాలయంలో, లేదా సోమవారం జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఫిర్యాదు చేయండి.

సమస్య: పెరట్లో పగటిపూట దోమలు.
కారణం: తాగి విసిరేసిన కొబ్బరి బొండాల్లో వాన నీరు. డెంగీ దోమ గుడ్డు దశ నుంచి ఎగిరే దశకు రావడానికి వారం, పది రోజులు చాలు.
పరిష్కారం: నీళ్లు పారబోసి, బొండాలను చీల్చి ఎండబెట్టండి. ఆ పీచు మొక్కల మొదళ్లలో పరిస్తే తడి నిలుస్తుంది.

సమస్య: మందారం లేత ఆకులు పసుపుబారాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి.
కారణం: దగ్గర్లో ఇల్లు కడుతున్నారా? సిమెంటు, సున్నం పెళ్లలు మట్టిలో కలిస్తే క్షారగుణం పెరిగి, వేళ్లకు ఇనుము అందదు. అనుమానమున్న పెళ్లను నలిపి నిమ్మరసం పిండండి; బుసబుస నురగ వస్తే సున్నమే. ఇది తెలియక ఎరువు మీద ఎరువు వేస్తారు, పాపం ఆ మొక్క కోలుకోదు.
పరిష్కారం: పెళ్లలతో పాటు జానెడు లోతు మట్టి తీసేసి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు నింపండి. పాత ఆకులు మారవు, కొత్త చిగుళ్లను గమనించండి.

సూదులు, గాజు ముక్కలు, పగిలిన ట్యూబులైట్లు ఉంటే వట్టి చేత్తో తాకవద్దు. ప్లాస్టిక్ చెత్తను తగలబెట్టనూ వద్దు. సూదులను పటకారుతో తీసి, గట్టి సీసాలో వేసి మూత బిగించండి. బండికి ఇచ్చేటప్పుడు లోపల ఏముందో చెప్పి మరీ ఇవ్వండి. ఆ చెత్తను వేరు చేసేవారు చేతులతోనే చేస్తారు.