ఎండలు ముదరకముందే మీ మందుల చీటీ ఒకసారి బయటికి తీయండి

మా పెద్దమ్మది ఖమ్మం. డెబ్భై దాటింది, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. మూడేళ్ల కిందట మే నెలలో ఇంట్లో పెళ్లి. మూడు రోజులు పందిట్లోనే తిరిగింది. మోకాళ్లు పీకుతుంటే ఎవరితోనో నొప్పుల బిళ్లలు తెప్పించుకుని పూటకొకటి వేసుకుంది. ఇంటినిండా చుట్టాలు, మాటిమాటికీ బాత్‌రూమ్‌కి పోవాల్సి వస్తుందని నీళ్లు కూడా తగ్గించింది. నాలుగో రోజు పొద్దున మంచం మీంచి లేస్తూనే కళ్లు తిరిగి పడిపోయింది. కిడ్నీలు సరిగ్గా వడపోయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఫిబ్రవరిలో 1 ఉండేది, ఆసుపత్రిలో చూస్తే 3 దాటింది. దేవుడి దయవల్ల పది రోజుల్లో కిడ్నీలు కోలుకున్నాయి. "రోజూ వేసుకునే బిళ్లలే గదరా, ఎండాకాలం వచ్చేసరికి విషమైనయా?" అని మంచం మీద నుంచి నన్నడిగింది. నేను ఫార్మసిస్టుని. ఆ ప్రశ్నకు జవాబు పెళ్లికి ముందే చెప్పి ఉండాల్సింది నేనే. అందుకే ఇది మార్చిలోనే చదవాల్సిన విషయం.

మాత్ర మింగాక ఏం జరుగుతుందో ముందు చూద్దాం. అది పొట్టలో కరిగి, ఎక్కువగా చిన్నపేగులో రక్తంలోకి ఎక్కుతుంది. ఆ రక్తం ముందు కాలేయం గుండా పోవాలి. కొన్ని మందులు అక్కడే సగానికి పైగా విరిగిపోతాయి. బీపీకి, గుండెదడకి ఇచ్చే ప్రొప్రనొలాల్‌ను మాత్రగా ఇస్తే పదుల మిల్లీగ్రాములు, నరానికి ఇంజెక్షన్‌గా ఇస్తే ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలడం అందుకే. మిగిలిన మందు రక్తంతో ఒళ్లంతా తిరిగి పని చేస్తుంది. చివరికి కొంత కాలేయంలో మారిపోయి, కొంత ఉన్నది ఉన్నట్టుగానే, మూత్రంలోనో పైత్యరసం ద్వారా మలంలోనో బయటికి పోతుంది.

డాక్టరు మోతాదు రాసేది ఈ రాకపోకలు సరితూగుతాయన్న లెక్కతో. చెరువులోకి వచ్చే కాలవ ఎప్పటిలాగే పారుతూ, తూము సగం మూసుకుపోతే నీటిమట్టం పెరగదా? ఎండాకాలంలో ఒంట్లో జరిగేదీ అదే. చెమటతో నీళ్లు, ఉప్పు పోతాయి. చర్మాన్ని చల్లబరచడానికి రక్తం అటు మళ్లుతుంది, కిడ్నీలకు చేరేది తగ్గుతుంది. అప్పుడు మూత్రంలో పోవాల్సిన మందు లోపలే పేరుకుంటుంది.

మూత్రం దారినే ఎక్కువగా పోయే మందులు మనవాళ్ల ఇళ్లలో చాలానే ఉన్నాయి. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ దాదాపు అంతా అలాగే పోతుంది. అరికాళ్ల మంటలకు ఇచ్చే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ కూడా అంతే. ఇవి పేరుకుంటే మత్తు, తూలడం, రాత్రిపూట బాత్‌రూమ్‌లో పడిపోవడం. బీపీకి వాడే అటెనొలాల్, గుండెకు వాడే డిగాక్సిన్, మానసిక వైద్యులు రాసే లిథియం కూడా ఈ కోవలోవే. లిథియం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. దాని మంచి మోతాదుకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీ లిథియాన్ని వెనక్కి పట్టుకుంటుంది. చేతుల వణుకు పెరిగినా, విరేచనాలైనా, మాట తడబడినా అదే రోజు డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించాలి. లిథియం వాడేవాళ్లు ఎండాకాలంలో ఉన్నట్టుండి ఉప్పు మానేయకూడదు.

ఇక మా పెద్దమ్మ విషయం. కిడ్నీలోని ప్రతి వడపోత గుత్తికీ రక్తం తెచ్చే సన్న నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తెలివిగా తెచ్చేదాన్ని వెడల్పు చేసి, తీసుకుపోయేదాన్ని బిగించి లోపల ఒత్తిడిని నిలబెట్టుకుంటుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పుల బిళ్లలు మొదటి నాళాన్ని వెడల్పు కానివ్వవు. బీపీకి వాడే టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ రెండోదాన్ని బిగుసుకోనివ్వవు. మామూలు రోజుల్లో ఈ బీపీ మందులే కిడ్నీకి మేలు చేస్తాయి, వాటిని చూసి భయపడొద్దు. కానీ వీటికి మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర తోడై, పైన ఎండ, ఆపైన నొప్పుల బిళ్ల చేరితే కిడ్నీకి తప్పించుకునే దారి ఉండదు.

"నాకు మూత్రం మాత్ర లేదండీ" అని చాలామంది అంటారు. స్ట్రిప్పు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. హైడ్రోక్లోరోథయజైడ్ అనో క్లోర్‌థాలిడోన్ అనో ఉంటే మీరు దాన్ని వేసుకుంటున్నట్టే. బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' అనో 'సీటీ' అనో ఉంటే చాలావరకు అదే అర్థం. మా పెద్దమ్మకి ఆ 'హెచ్' సంగతి ఆసుపత్రిలో చేరేదాకా తెలియదు.

కాబట్టి మార్చిలో ఒక పని చేయండి. స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు అవసరమా అని అడగండి. ఇంకో ప్రశ్న తప్పకుండా అడిగి, జవాబు చీటీ మీద రాయించుకోండి: "వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు, ఏమీ తినలేని రోజు, వీటిలో ఏవి ఆపాలి, ఏవి ఆపకూడదు? మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?" మూత్రం మాత్రలు, మెట్‌ఫార్మిన్, మూత్రంలో చక్కెరను పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి అలాంటి రోజుల్లో తాత్కాలికంగా ఆపమని సాధారణంగా చెబుతారు. ఇన్సులిన్ మాత్రం తినకపోయినా పూర్తిగా మానేయకూడదు, మోతాదు ఎంతో ఫోన్ చేసి అడగాలి. ఎండాకాలం కదా అని బీపీ మాత్రను సొంతంగా మానేసేవాళ్లని ఏటా చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. ఆమ్లోడిపిన్ లాంటిది ఒంట్లో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. మానేసిన మర్నాడు బీపీ బాగానే కనిపిస్తుంది, దాన్ని చూసి నిశ్చింతగా ఉంటారు. వారం తిరిగేసరికి అది పైకి పోతుంది.

మోకాళ్ల నొప్పికి పారాసెటమాల్‌తో మొదలుపెట్టడం కిడ్నీకి మేలు. అది ఎక్కువగా కాలేయంలో విరిగే మందు. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. అంటే 650 మిల్లీగ్రాముల బిళ్లలు ఆరుకి మించకూడదు. బక్కచిక్కినవాళ్లకీ, మద్యం తాగే అలవాటున్నవాళ్లకీ, కాలేయ జబ్బున్నవాళ్లకీ ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో కలపండి.

చెమట పట్టనివ్వని మందులూ ఉన్నాయి. వణుకుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, పాతకాలం జలుబు బిళ్లల్లోని క్లోర్‌ఫెనిరమిన్ అలాంటివే. నోరు ఎండిపోవడం వీటి గుర్తు. ఇవి వాడే పెద్దవాళ్లను పదకొండు నుంచి నాలుగింటిదాకా రేకుల షెడ్డు కింద కూర్చోనివ్వకండి.

షుగర్‌ని తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వాడేవాళ్లకి ఇంకో చిక్కు. ఎండకి ఆకలి చచ్చి అన్నం తగ్గిస్తారు, మాత్ర మాత్రం వేసుకుంటారు. షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, నీరసం వస్తే ఇంట్లోవాళ్లు వడదెబ్బ అనుకుని మజ్జిగ ఇస్తారు. ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే, లేదా మీటర్ దగ్గర లేకపోతే, మింగగలిగే స్థితిలో ఉన్నవాళ్లకి మూడు చెంచాల గ్లూకోజు పొడో చక్కెరో నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంటకి మళ్లీ చూడండి.

ఇన్సులిన్‌ని కొత్తదైతే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. వాడుతున్నది 30 డిగ్రీల లోపు ఉండాలి. మేలో మన గదులు అంతకంటే వేడిగా ఉంటాయి. ఫ్రిజ్ లేకపోతే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, ముంతలో సీసా పెట్టి మూత వేయండి. ఇసుకని తడుపుతూ ఉండండి. బండి డిక్కీలో, కారు అద్దం దగ్గర వదిలేసిన సీసాని నమ్మొద్దు. ఎండలో నడిచొచ్చాక చర్మం వేడిగా ఉంటే ఇన్సులిన్ త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, కాసేపు నీడన కూర్చున్నాక వేసుకోండి.

నీళ్ల గురించి అందరికీ ఒకే మాట చెప్పలేం. మామూలుగా దాహం కోసం ఆగకుండా కొంచెం కొంచెం తాగుతూ ఉండాలి. గుండె బలహీనంగా ఉండి, రోజుకి ఇన్ని లీటర్లే అని చెప్పించుకున్నవాళ్లు మాత్రం సొంతంగా పెంచొద్దు. కొబ్బరినీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లు, పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే మూత్రం మాత్ర స్పైరొనోలాక్టోన్ వాడేవాళ్లు డాక్టరుని అడిగి తాగాలి.

2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేలమంది వడగాడ్పులకు బలయ్యారు. ఒళ్లు కాలిపోతూ, మనిషి పిచ్చిగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా జ్వరం బిళ్ల వేస్తూ కూర్చోవద్దు. పారాసెటమాల్ జ్వరాన్ని తగ్గిస్తుంది, వడదెబ్బ వేడిని తగ్గించలేదు. 108కి ఫోన్ చేసి, నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు చల్లి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయొద్దు. అంబులెన్స్ ఎక్కేటప్పుడు వాళ్లు వేసుకునే మందులన్నీ వెంట తీసుకెళ్లండి, దిండు కింద దాచుకున్న నొప్పుల బిళ్లతో సహా.