బీ పోలెన్ వాడటం ఎలా మొదలుపెట్టాలి?

తేనెటీగ పువ్వుల మీద వాలినప్పుడు ఒంటికి అంటిన పుప్పొడిని కాళ్లతో దులుపుకుని, కాస్త మకరందంతో తడిపి, వెనక కాళ్లకు చిన్న ఉండలా అంటించుకుని గూటికి తెస్తుంది. పెంపకందారులు తేనెపెట్టె వాకిట్లో సన్నటి రంధ్రాల జల్లెడ బిగిస్తారు. ఈగ అందులోంచి దూరేటప్పుడు ఆ ఉండలు కింది ట్రేలో రాలిపడతాయి. బీ పోలెన్ పేరుతో అమ్మేవి అవే.

ముందు అంచనాలు సరిచూసుకోండి. ఇందులో ప్రొటీన్, బి విటమిన్లు, ఖనిజాలు, క్వెర్సెటిన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు ఉన్నమాట నిజం. ప్రొటీన్ సుమారు ఐదో వంతు ఉంటుంది, ఏ పువ్వుదన్న దాన్ని బట్టి మారుతుంది. కానీ మనం తినేది చెంచాడు, అంటే అందేది గ్రాము ప్రొటీన్! వాపు తగ్గిస్తుంది, కాలేయాన్ని కాపాడుతుంది అనే మాటలు ఎక్కువగా ల్యాబ్‌లో, జంతువుల మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చినవే. మనుషుల మీద జరిగినవి తక్కువ, చిన్నవి. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్న మహిళల్లో వేడి ఆవిర్లు తగ్గుతాయేమో చూసిన ఒక అధ్యయనంలో పుప్పొడి కలిపిన తేనె తీసుకున్నవాళ్లకూ, ఉత్త తేనె తీసుకున్నవాళ్లకూ ఉపశమనం కనిపించింది. అలాంటప్పుడు ఆ మేలు పుప్పొడిదే అని ఎలా అంటాం? నా మటుకు దీన్ని మంచి ఆహారంగా చూడటమే సబబు. డాక్టర్ రాసిన మందు మానేసి దీన్ని నమ్ముకోవద్దు.

మీకు పడుతుందో లేదో తేల్చుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పుప్పొడి అలర్జీ, ఉబ్బసం, తేనెటీగ కుడితే ఒళ్లంతా రియాక్షన్ వచ్చే తత్వం ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకండి. అలర్జీ తగ్గడానికే తినమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, దయచేసి వినకండి. మొదటిసారి తిన్నప్పుడే ప్రాణం మీదికి వచ్చినవాళ్లున్నారు. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలకు వద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు, రక్తం మరీ పలచబడే ప్రమాదం ఉంది.

రెండు మూడు పుప్పొడి ఉండలతో మొదలుపెట్టండి. ఇంట్లో ఇంకెవరైనా ఉన్న సమయంలో, బాగా నమిలి తినండి. ఆ రోజుకి అంతే. నోట్లో దురద, దద్దుర్లు వస్తే అక్కడితో ఆపేయండి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఏమీ కాకపోతే కొద్దికొద్దిగా పెంచుతూ కొన్ని వారాల్లో చెంచాడు దాకా వెళ్లొచ్చు.

నానబెట్టండి. పుప్పొడి రేణువు పైపొర చాలా గట్టిది, అంత తేలిగ్గా అరగదు. రాత్రి నీళ్లలోనో పెరుగులోనో వేసి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి ఉండలు విడిపోయి మెత్తబడతాయి. పొయ్యి మీద వేడి చేయకండి.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. పురుగుమందుల అవశేషాలకు పరీక్ష చేయించారా, ఎక్కడ సేకరించారు అన్నది చూడండి. బరువు తగ్గిస్తామనే బీ పోలెన్ క్యాప్సూల్స్ మాత్రం అసలు కొనొద్దు. అలాంటి కొన్నిటిలో సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు రహస్యంగా కలిపారని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లోనే అక్కడి మార్కెట్ నుంచి తీసేసిన మందు అది.

ఇంటికి తెచ్చాక గాలి చొరబడని సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచండి. తడి చెంచా పెట్టకండి. ముక్కిన వాసన వచ్చినా, బూజు కనిపించినా సీసా మొత్తం పారేయండి.