లాక్టిక్ అసిడోసిస్ రాకుండా: 3వ పాఠం – ఒంట్లో నీరు తగ్గిన రోజు ఏం చేయాలి?

లాక్టేట్ అంటే ఒంట్లో చక్కెర విరిగినప్పుడు పుట్టే పదార్థం. అది ఎక్కడ పుడుతుందో, ఎటు పోతుందో గత రెండు పాఠాల్లో చూశాం. కండరాలు, ఎర్ర రక్తకణాలు రోజంతా దాన్ని తయారుచేస్తూనే ఉంటాయి. అందులో ఎక్కువ భాగాన్ని కాలేయం, కొంత భాగాన్ని మూత్రపిండాలు తిరిగి వాడుకుంటాయి. అందుకే ఆరోగ్యవంతుల రక్తంలో అది లీటరుకు 2 మిల్లీమోల్స్ లోపే ఉంటుంది. 4 దాటి, రక్తం పీహెచ్ (ఆమ్లగుణం పెరిగేకొద్దీ తగ్గే అంకె) కూడా 7.35 కన్నా పడిపోతే లాక్టిక్ అసిడోసిస్ అంటాం. బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో పొద్దున్నే గట్టిగా పరుగెత్తే కుర్రాడికి లాక్టేట్ 10 దాకా వెళ్లొచ్చు. కాసేపు కూర్చుంటే గంటలోపే చాలావరకు దిగిపోతుంది. అది జబ్బు కాదు. వాడుకునే అవయవాలు చతికిలపడినప్పుడే ప్రమాదం.

మెట్‌ఫార్మిన్ వేసుకునే షుగర్ ఉన్నవారికి ఆ ప్రమాదం ఎక్కువగా వాంతులు, విరేచనాల రూపంలో వస్తుంది. రోహిణీ కార్తెలో, ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో, ఒక్క పూట విరేచనాలు పట్టుకున్నా ఒంట్లో నీరు బాగా తగ్గిపోతుంది. అప్పుడు మూత్రపిండాలకు రక్తం చాలదు. మెట్‌ఫార్మిన్ మూత్రంలోనే బయటికి పోయే మందు కాబట్టి అది రక్తంలో పేరుకుంటుంది. పేరుకున్న మందు కాలేయం లాక్టేట్‌ను వాడుకోకుండా అడ్డుపడుతుంది. ఇది అరుదుగానే జరుగుతుంది, కానీ జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఆ రోజు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

మొదటి పని, మెట్‌ఫార్మిన్ ఆపడం. చాలామంది ఇక్కడే పొరబడతారు. "నేను వేసుకునేది అది కాదు, గ్లిమిపిరైడ్" అంటారు. స్ట్రిప్ వెనక్కి తిప్పితే రెండు మందులూ కలిపిన మాత్ర అని ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో రాసిన మందుల పేర్లన్నీ చదవండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి (చక్కెరను మూత్రంలో బయటికి పంపే షుగర్ మందులు) ఉంటే వాటినీ ఆ రోజు ఆపాలి. ఇన్సులిన్ మాత్రం మీ అంతట మీరు మానకూడదు. జబ్బు చేసిన రోజున షుగర్ పెరగొచ్చు. డోసు ఎంతో డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. గ్లిమిపిరైడ్ వేసుకుని ఏమీ తినకపోతే షుగర్ పడిపోతుంది కనుక దాని సంగతీ అప్పుడే అడగండి. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మింగొద్దు. నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలను అవి ఇంకా దెబ్బతీస్తాయి.

రెండోది ఓఆర్‌ఎస్. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తాన్ని కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం కలిపితే ఒకసారి ఉప్పు ఎక్కువై, మరోసారి చాలక, మందు పనిచేయదు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీస్పూను, తలకొట్టి కొలవాలి. పంచదార ఉందని షుగర్ ఉన్నవారు భయపడక్కర్లేదు, ఉప్పును పేగు లోపలికి లాగేది ఆ పంచదారే. వాంతులవుతుంటే అయిదు నిమిషాలకోసారి చెంచాతో పట్టండి. కొబ్బరినీళ్లు దీనికి బదులు కావు: సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. మూత్రపిండాల జబ్బు, గుండె నీరసం ఉన్నవారు ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

వేగంగా, లోతుగా ఊపిరి తీయడం, కడుపునొప్పి, మగత, చేతులు చల్లబడటం, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపి 108కి ఫోన్ చేయండి. "మెట్‌ఫార్మిన్ వాడుతున్నాం" అని అక్కడ మొదటి మాటగా చెప్పండి.

తగ్గాక తొందరపడి మాత్ర మొదలుపెట్టొద్దు. మామూలుగా తింటూ, తాగుతూ 24 నుంచి 48 గంటలు గడిచాకే వేసుకోవాలి.

మద్యం గురించి రెండు మాటలు. దాన్ని విరగ్గొట్టే పనిలో కాలేయం లాక్టేట్‌ను వాడుకోలేకపోతుంది. ఖాళీ కడుపుతో, ఎండన పడి పనిచేసిన సాయంత్రం తాగడం అన్నిటికన్నా చేటు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవారి ఇళ్లలో షుగర్ మాత్రలు వాడేవారుంటే ఇది వారికి తప్పకుండా చెప్పాలి.

ఈ వారం చేయాల్సిన పని: మీ మాత్రల్లోని మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఆపాల్సినవాటి కింద గీత గీయండి. ఆ కాగితం డాక్టరుకు చూపించి సరిచేయించుకోండి. ఏడాదిలోపు క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించకపోతే చేయించి, ఈజీఎఫ్‌ఆర్ (మూత్రపిండాలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) ఎంతో అడగండి. 45 కన్నా తక్కువైతే మెట్‌ఫార్మిన్ డోసు తగ్గించాలి, 30 కన్నా తక్కువైతే మానేయాలి. ఆ అంకె కూడా కాగితం మీద రాసుకోండి. 4వ పాఠంలో నడక వేగాన్ని ఎలా కొలుచుకోవాలో నేర్చుకుందాం.