సర్వే నంబరు తేదీ అయిపోయిందా? డేటా యాప్‌లలో వచ్చే తప్పులు: సమస్య - పరిష్కారం

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చిన్న టీములు చేసే యాప్‌లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాటా చీటీలు, పాల కేంద్రానికి రోజువారీ లెక్క, లాడ్జీకి గదుల బుకింగ్. ముందు ఒక వెబ్ ఫారం, వెనక ఒక డేటాబేస్, చివర్లో "అంతా ఎక్సెల్‌లో పంపించండి" అనే ఓనరు. ఇలాంటి యాప్‌లో లెక్క తప్పిందని ఫోను రాగానే చాలామంది కోడు తెరుస్తారు. దానికంటే ముందు, ఆ విలువ ఏ టూల్ దగ్గర మారిందో చూడాలి. ఎక్సెల్, పాండాస్ (పైథాన్‌లో టేబుళ్లు నడిపే లైబ్రరీ), డక్‌డీబీ (ఫైళ్లను నేరుగా చదివే చిన్న డేటాబేస్), బ్రౌజరు, అన్నీ మనం చెప్పకుండా వదిలేసిన చోట సొంతంగా ఊహిస్తాయి. ఊహ తప్పినా చాలాసార్లు నోరు మెదపవు.

"సర్వే నంబరు అడిగితే మార్చి 12 అని చూపిస్తోంది"

రైతుల జాబితాలో 124-3 అన్న సర్వే నంబరు బాగానే ఉంటుంది. 12-3 మాత్రం 12-మార్చి అవుతుంది. 3-45 ఉంటే మార్చి-45 అవుతుంది. కొన్ని వరసలే మారాయంటే అనుమానం కోడు మీద కాదు, ఎక్సెల్ మీదకే వెళ్లాలి. తేదీలా కనబడగలిగే ప్రతి విలువనూ అది తేదీ చేసేస్తుంది, మిగతావాటిని ముట్టుకోదు. ఇది మన అడంగల్‌కు మాత్రమే వచ్చిన కష్టం కాదు. మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లున్న మానవ జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, 2020లో వాటి పేర్లనే మార్చుకున్నారు శాస్త్రవేత్తలు.

సీఎస్‌వీని (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలును) డబుల్ క్లిక్‌తో తెరిచి సేవ్ నొక్కితే పాత విలువ పోయినట్టే. సెల్ ఫార్మాట్‌ను టెక్స్ట్‌కు మార్చి చూడండి, నలభై వేల పైచిలుకు అంకె ఒకటి కనిపిస్తుంది. ఆ తేదీ నుంచి 12, 3 అనే రెండు అంకెలు వెనక్కి తీయొచ్చు కానీ అసలు రాసింది 12-3నో 12/3నో చెప్పలేం. కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే అదే 12-3 డిసెంబరు 3 అవుతుంది కాబట్టి, ఏ మెషీన్‌లో సేవ్ చేశారో తెలియకపోతే ఆ రెండంకెల వరసనూ నమ్మలేం. ఒరిజినల్ ఫైలు దగ్గరికే వెళ్లాలి. అదీ లేకపోతే అడంగల్ చూసి మళ్లీ ఎక్కించడమే.

ఇకముందు రాకుండా ఉండాలంటే ఓనరుకు సీఎస్‌వీ ఇవ్వకండి, ఎక్సెల్ ఫైలే తయారుచేసి ఇవ్వండి. పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్ అనే లైబ్రరీతో స్ట్రింగ్‌గా (అంకెగా కాక అక్షరాల వరసగా) రాసిన సెల్ స్ట్రింగ్‌గానే ఉంటుంది. దాని నంబర్ ఫార్మాట్‌ను కూడా టెక్స్ట్ అని పెట్టండి, లేకపోతే ఎవరో ఆ సెల్‌లోకి వెళ్లి ఎంటర్ నొక్కగానే మళ్లీ తేదీ అవుతుంది. వాళ్ల దగ్గరి నుంచి సీఎస్‌వీ వచ్చినప్పుడు డేటా మెనూలోని "ఫ్రమ్ టెక్స్ట్" ద్వారా తెరిచి, డేటా రకాలు గుర్తించవద్దు అన్న ఎంపిక పెట్టాలి. ఇది ఆఫీసులో కూర్చునే వాళ్లకు ఒకసారి చూపిస్తే నేర్చుకుంటారు. మెయిల్‌లో రాసి పంపితే ఎవరూ చదవరు.

"తెలుగంతా పిచ్చి గీతలుగా వస్తోంది"

ఇక్కడ పరిష్కారం కంటే రోగ నిర్ధారణే ముఖ్యం. పిచ్చి గీతలు అన్నిటిదీ ఒకే కారణం కాదు. స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో సరిగ్గా చూడండి.

తల మీద ఏటవాలు గీతున్న ఇంగ్లీషు అక్షరం, దాని పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదే పదే వస్తుంటే డేటా క్షేమం. యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. వాటిలో మొదటి రెండూ ఎప్పుడూ ఒకేలా ఉండే జంటలు, ఆ జంటనే ఎక్సెల్ పాత విండోస్ ఎన్‌కోడింగ్‌లో చదివి అలా చూపిస్తోంది. ఫైలును "యూటీఎఫ్-8 విత్ బామ్"గా రాయండి (బామ్ అంటే ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ చెప్పే గుర్తు), పైథాన్‌లో అయితే ఎన్‌కోడింగ్ పేరు చివర "సిగ్" (utf-8-sig) అని చేరిస్తే చాలు.

వరసగా ప్రశ్న గుర్తులు ఉంటే మాత్రం అక్షరాలు పోయాయి. పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ టేబుల్‌లో కాలమ్ లాటిన్-1గా (యూరప్ అక్షరాలకే సరిపోయే ఎన్‌కోడింగ్) ఉండి, తప్పు విలువను అడ్డుకునే స్ట్రిక్ట్ మోడ్ ఆఫ్‌లో ఉంటే తెలుగు అక్షరాన్ని ప్రశ్న గుర్తుగా మార్చి దాచుకుంటుంది. వాటిని ఏ కన్వర్టరూ వెనక్కి తేలేదు. కాలమ్‌ను యూటీఎఫ్-8-ఎంబీ-4కు మార్చి, బ్యాకప్ నుంచో కాగితాల నుంచో మళ్లీ ఎక్కించాలి. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి కొత్తగా సృష్టించే డేటాబేస్‌కు అదే డిఫాల్ట్. పాత సర్వరు నుంచి డంప్ చేసి తెచ్చిన టేబుల్ మాత్రం తన పాత బుద్ధి వెంటే తెచ్చుకుంటుంది.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదంతే. ఇక ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి ఉండి, ఆ ఫైలు ఏదో డీటీపీ సెంటరు నుంచి వచ్చిందంటే అది అను ఫాంట్ లాంటి పాత పద్ధతి టైపింగ్. అది అసలు యూనికోడే కాదు, కన్వర్టర్ ద్వారా మార్చి, పేర్లను మనిషి ఒకసారి చూసుకోవాలి.

బామ్ పెట్టాక మరో చిక్కు వస్తుంది. ఎక్సెల్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది, కానీ అదే ఫైలును తిరిగి పైథాన్ సొంత సీఎస్‌వీ మాడ్యూల్‌తో చదివితే మొదటి కాలమ్ లేదంటూ కీ ఎర్రర్. ప్రింట్ చేస్తే కాలమ్ పేరు కళ్ల ముందే ఉంటుంది! ఆ పేరుకు ముందు కనబడని బామ్ అక్షరం అంటుకుని ఉంది. చదివేటప్పుడూ అదే "సిగ్" ఎన్‌కోడింగ్ ఇస్తే పోతుంది.

"పేరు కళ్లకు కనిపిస్తోంది, సెర్చ్‌లో దొరకదు"

వెంకటేష్ అనే పేరు రెండు వరసల్లో అచ్చం ఒకేలా ఉంటుంది, డేటాబేస్ మాత్రం వేరంటుంది. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు, కొన్ని వెబ్‌సైట్ల నుంచి కాపీ చేసిన టెక్స్ట్, కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను (రెండు అక్షరాలు కలిసి వత్తు పడకుండా ఆపే గుర్తును) వదిలిపోతాయి. రెండు పేర్ల పొడవు కొలిచి చూడండి, ఒకటి తేడా వస్తే ఇదే. ఐత్వానిది ఇంకో గొడవ. అది ఒక కోడ్‌పాయింట్ (యూనికోడ్ నంబరు)గానూ ఉండొచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకటి చేసే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ ఈ రెండోదాన్ని సరిచేస్తుంది. మొదటిదాన్ని ముట్టుకోదు.

అలాగని నాన్ జాయినర్‌ను డేటా అంతటా తీసేయకండి. సాఫ్ట్‌వేర్, రాజ్‌కుమార్ లాంటి మాటల్లో అది ఉంటేనే రాత సరిగ్గా కనిపిస్తుంది, తీసేస్తే కింద వత్తులు పడతాయి. అసలు పేరును అలాగే ఉంచి, పక్కన వెతకడానికి మాత్రం వేరే కాలమ్ పెట్టండి. అందులో నార్మలైజ్ చేసి, నాన్ జాయినర్ తీసి, అదనపు ఖాళీలు కత్తిరించిన రూపం ఉంచాలి. వాడేవాళ్లు టైప్ చేసిన దానికీ అదే ఫంక్షన్ నడిపి పోల్చాలి.

దీని తమ్ముడే మొబైల్ స్క్రీన్ మీద "శ్రీకాళహస్తి" పేరు కత్తిరిస్తే అక్షరం విరిగిపోయే సమస్య. "శ్రీ" మన కంటికి ఒక అక్షరం, జావాస్క్రిప్ట్‌కు పొడవు 4. కాబట్టి సబ్‌స్ట్రింగ్ వాడొద్దు, కంటికి కనిపించే అక్షరాలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) వాడండి. 2024లో ఫైర్‌ఫాక్స్‌లోకి కూడా రావడంతో అది ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది. తెలుగు సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్ 15.1లో చేరింది కనుక, పాత ఫోన్లలో శ్, రీ అని రెండుగా లెక్కపెట్టే అవకాశం ఇంకా ఉంది. పేరు ఒక అక్షరం ముందో వెనకో తెగడమే దాని నష్టం, భరించవచ్చు.

"నెల మొత్తం సరిపోతుంది, రోజు మొత్తం సరిపోదు"

జూన్, జులైలలో తోతాపురి లారీలు ఫ్యాక్టరీ గేటు దగ్గర రాత్రంతా బారులు తీరి ఉంటాయి, కాటా ఆగదు. పాల కేంద్రంలో తెల్లవారుజామునే క్యాన్లు దిగుతాయి. ఈ రెండు చోట్లా వచ్చే ఫిర్యాదు ఒకటే: రోజు లెక్క రిజిస్టరుతో కలవదు, నెలాఖరుకు మాత్రం దాదాపు సరిపోతుంది.

క్లౌడ్ సర్వరు గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) నడుస్తుంది. మనం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5:30 దాకా పడిన ప్రతి చీటీ యూటీసీ ప్రకారం ముందురోజుదే. పగలు టెస్ట్ చేసే డెవలపర్‌కు ఈ తప్పు ఎప్పటికీ కనబడదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సమయాన్ని టైమ్ జోన్ ఉన్న టైమ్‌స్టాంప్ రకంగా దాచండి. రోజువారీగా గ్రూప్ చేసేముందు "ఎట్ టైమ్ జోన్" తో ఏషియా/కోల్‌కతాకు మార్చండి. గ్రూప్ చేశాక మార్చి లాభం లేదు. కాలమ్ ఇప్పటికే టైమ్ జోన్ లేని రకంగా ఉంటే జాగ్రత్త, అప్పుడు అదే మాట తిరగబడి పనిచేస్తుంది: "ఈ సమయం కోల్‌కతాది" అనుకుని యూటీసీ వైపు తీసుకెళ్తుంది. ముందు యూటీసీ అని చెప్పి, ఆపైన కోల్‌కతాకు మార్చాలి. రాత్రి 2 గంటల చీటీ ఒకటి టెస్టుల్లో శాశ్వతంగా ఉంచండి.

లాడ్జీ బుకింగ్‌లో వచ్చేది దీనికి బంధువు. యాత్రికుడు 10వ తేదీ ఎంచుకుంటాడు, డేటాబేస్‌లో 9 ఉంటుంది. క్యాలెండర్ ఇచ్చింది ఇక్కడి అర్ధరాత్రి, దాన్ని యూటీసీలో ఉండే ఐఎస్‌ఓ స్ట్రింగ్‌గా మారిస్తే ముందురోజు 18:30. గది తేదీకి గంటలతో పనేముంది? సంవత్సరం, నెల, రోజు విడివిడిగా తీసి ఉత్త తేదీగానే పంపండి. జావాస్క్రిప్ట్‌కు కొత్తగా వస్తున్న టెంపొరల్ అనే తేదీల సదుపాయంలో దీనికోసమే ప్లెయిన్ డేట్ అనే రకం ఉంది. 2025లో ఫైర్‌ఫాక్స్ 139 దాన్ని ముందుగా తెచ్చింది. పాత బ్రౌజర్లకు పాలీఫిల్ (లేని సదుపాయాన్ని నింపే కోడు) జతచేయాలి.

"పిన్‌కోడ్ చివర సున్నా, ఖాతా నంబరు చివర సున్నాలు"

చూడటానికి ఒకటే అనిపించినా కారణాలు వేరు. 517501 కాస్తా 517501.0 అయితే ఆ కాలమ్‌లో ఎక్కడో ఒక ఖాళీ ఉంది. ఖాళీని పట్టించుకోవడానికి పాండాస్ మొత్తం కాలమ్‌ను దశాంశంగా మార్చింది. బ్యాంకు ఖాతా చివరి అంకెలు సున్నాలైతే ఎక్సెల్ 15 అంకెల తర్వాత వదిలేసింది. ఏ ఎక్సెలూ ముట్టకుండా చివరి అంకె ఒకటి అటూఇటూ అయితే అది బ్రౌజరు పని. జావాస్క్రిప్ట్ నంబరు 9007199254740991 దాటాక ఖచ్చితంగా ఉండదు. మందు మూడింటికీ ఒకటే: కూడికలు చేయనిది ఏదైనా స్ట్రింగే. ఫోను, పిన్‌కోడ్, ఖాతా, ఆధార్, సర్వే నంబరు, అన్నీ.

"నిన్నటిదాకా నడిచిన ఫైలు కొత్త టూల్‌లో ఎర్రర్ ఇస్తోంది"

8 జీబీ ల్యాప్‌టాప్‌లో పాండాస్ పెద్ద సీఎస్‌వీకి మెషీన్‌ను బిగదీస్తోందని డక్‌డీబీకో, పాండాస్ లాంటిదే అయిన పోలార్స్‌కో మారుతున్నారు. మంచి పనే. ఫైలు మొత్తాన్ని మెమరీలోకి లాగకుండా కావలసిన కాలమ్‌లనే చదవడం వీటి బలం. కానీ మారిన మొదటి రోజే కన్వర్షన్ ఎర్రర్ వస్తుంది, టూల్ బాగోలేదంటారు.

పోలార్స్ మామూలుగా మొదటి 100 వరసలు చూసి కాలమ్ రకం తేలుస్తుంది. డక్‌డీబీ 20480 వరసల నమూనా చూస్తుంది. అక్కడిదాకా సర్వే నంబర్లు 45, 46 అంటూ వచ్చి, తర్వాతెక్కడో 46/2ఎ తగిలితే ఆగిపోతాయి. పాండాస్ ఇదే ఫైలును ఆపకుండా చదివేది, ఒకే కాలమ్‌లో కొన్ని అంకెలుగా, కొన్ని స్ట్రింగులుగా పెట్టి ఒక హెచ్చరిక పడేసేది. ఆ హెచ్చరిక ఎవరూ చూడరు. తర్వాత మెర్జ్‌లో (రెండు టేబుళ్లు కలిపేటప్పుడు) సగం మంది రైతులు కలవకపోతే కారణం ఎవరికీ తెలియదు. వరస నంబరుతో సహా చెప్పి ఆగిపోయే టూలే నాకు నయం అనిపిస్తుంది.

డక్‌డీబీలో "ఆల్ వర్‌చార్" పెట్టి అంతా టెక్స్ట్‌గా చదివి, తూకం, రేటు లాంటి కాలమ్‌లను మాత్రం తర్వాత అంకెలుగా మార్చుకోండి. పోలార్స్‌లో స్కీమా (ఏ కాలమ్ ఏ రకమో చెప్పే జాబితా) మీరే ఇవ్వండి. ఎర్రర్లు వదిలేయమనే "ఇగ్నోర్ ఎర్రర్స్" సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. డక్‌డీబీలో అది తప్పు వరసలను చడీచప్పుడు లేకుండా పడేస్తుంది, ఆ వరస ఒక రైతు డబ్బు. వదలక తప్పకపోతే "స్టోర్ రిజెక్ట్స్" వాడితే పడేసినవన్నీ వేరే టేబుల్‌లో దొరుకుతాయి. శుభ్రమైన డేటాను పార్కే అనే ఫైలు ఫార్మాట్‌లో దాచుకోండి. అందులో కాలమ్ రకం ఫైలుతోనే ఉంటుంది, మళ్లీ ఊహించే పని ఉండదు.

చిన్నవి రెండు

కొత్త ఉబుంటులో పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అంటూ నిరాకరిస్తే సిస్టమ్ పైథాన్‌ను కాపాడుతోందని అర్థం. బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అన్న ఫ్లాగ్ జోలికి వెళ్లకండి. యూవీ (uv) అనే ప్యాకేజీ టూల్ వేసుకుని ప్రాజెక్టుకు వేరే ఎన్విరాన్‌మెంట్ చేసుకోండి, చాలా వేగం కూడా.

ఏఐ రాసిచ్చిన పాండాస్ కోడు అపెండ్ లేదంటూ ఆగితే, ఆ ఫంక్షన్‌ను 2.0లోనే తీసేశారు, కాన్‌క్యాట్ వాడాలి. 3.0లో ఇంకా ఇబ్బందికరమైనది వచ్చింది: వరసగా రెండు బ్రాకెట్లతో ఫిల్టర్ చేసి విలువ మారిస్తే అసలు టేబుల్ ఇక మారదు. "లాక్" (loc)తో ఒకే అడుగులో రాయాలి. ఏఐని అడిగేటప్పుడు మీ వెర్షన్ నంబరు ముందే చెప్పండి.

"2022 నుంచి చిత్తూరు అమ్మకాలు పడిపోయాయి"

పడిపోలేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. శ్రీకాళహస్తి, చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి, మదనపల్లె అన్నమయ్యలోకి వెళ్లాయి. మరోపక్క సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతికి వచ్చింది కాబట్టి "చిత్తూరు, తిరుపతి కలిపేస్తే పాత చిత్తూరు" అనే చిట్కా కూడా తప్పుతుంది.

ప్రతి వరసలో జిల్లా పేరు కాకుండా మండలం కోడు దాచండి, కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో కోడ్లు ఉన్నాయి. ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో వేరే టేబుల్. ఆనాటి జిల్లా కావాలంటే డక్‌డీబీలోని "యాజ్ ఆఫ్ జాయిన్" అమ్మకం తేదీకి ముందున్న చివరి వరసను తనే వెతుక్కుంటుంది. ఇవాళ్టి సరిహద్దులతో పాత లెక్క కావాలంటే చివరి వరసతోనే కలపాలి. రిపోర్టు పైన ఈ రెంటిలో ఏది వాడారో రాయండి. లెఫ్ట్ జాయిన్ చేసి, జిల్లా దొరకని వరసలు ఎన్నో లెక్కపెట్టి, సున్నా వచ్చాకే గ్రాఫ్ పంపండి.