ప్రాసెసర్ వేడెక్కుతోందా? మూత తీసే ముందు, తీశాక వచ్చే సమస్యలు - పరిష్కారాలు

కూలర్ మార్చారు, థర్మల్ పేస్ట్ (వేడిని కూలర్‌కి దాటించే ముద్ద) మార్చారు, కేస్‌కి ఇంకో రెండు ఫ్యాన్లు పెట్టారు. అయినా లోడ్ పడగానే ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటుతోంది. ఈ దశకు వచ్చినవాళ్లకే డీలిడ్ గుర్తొస్తుంది. ప్రాసెసర్ పైనున్న లోహపు మూతను ఊడదీసి, లోపల ఎండిపోయిన పేస్ట్ తుడిచేసి, దాని బదులు లిక్విడ్ మెటల్ (వేడిని బాగా దాటించే ద్రవ లోహం) రాసి మళ్లీ మూత పెట్టడమే డీలిడ్. కొన్ని ప్రాసెసర్లకు దీనివల్ల 15 నుంచి 20 డిగ్రీల దాకా తగ్గుతుంది. కొన్నింటికి పెద్దగా తగ్గదు సరికదా, చెయ్యి జారితే ప్రాసెసర్ కూడా పోతుంది. మీది ఏ కోవలోకి వస్తుందో ముందు తేల్చుకోండి.

ల్యాప్‌టాప్ వాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో దాదాపు వేటికీ మూతే ఉండదు, సిలికాన్ డై (అసలు చిప్ ముక్క) మీదే నేరుగా హీట్‌సింక్ కూర్చుంటుంది.

ముందు వేడి ఎక్కే తీరు చూడండి

వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల) టెంపరేచర్ల గ్రాఫ్ కనిపించేలా పెట్టుకుని, ప్రాసెసర్‌పై పూర్తి లోడ్ వేసే సినీబెంచ్ గానీ ప్రైమ్95 గానీ నడపండి. ఎంత వేడెక్కిందన్నది కాదు, ఎంత వేగంగా ఎక్కిందన్నది చూడాలి.

లక్షణం: 60, 70, 80 అంటూ ఐదు పది నిమిషాల్లో నిదానంగా 90కి చేరుతోంది

కారణం: సమస్య మూతకు బయటే ఉంది. డై నుంచి వేడి కూలర్ దాకా బాగానే వస్తోంది, కూలరే దాన్ని గాలిలోకి వదల్లేకపోతోంది. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము, కేస్‌లో తిరగని గాలి, లిక్విడ్ కూలర్ అయితే నీరసించిన పంపు, వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. లేదా గదే వేడిగా ఉండొచ్చు. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో కూలర్ పీల్చేదే 38, 40 డిగ్రీల గాలి. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబర్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌తో మే నెల అంకెను పోల్చి బెంబేలెత్తాల్సిన పని లేదు.

పరిష్కారం: టెస్ట్ నడుస్తుండగానే కేస్ పక్క తలుపు తీసేయండి. కొద్ది నిమిషాల్లో ఐదారు డిగ్రీలు పడిపోతే సమస్య గాలి రాకపోకలదే. దుమ్ము దులపండి, ముందు ఫ్యాన్లు గాలిని లోపలికి, వెనక ఫ్యాన్ బయటికి పంపుతున్నాయో లేదో చూడండి. ఈ కేసులో మూత తీయడం వృథా.

లక్షణం: లోడ్ పెట్టిన క్షణంలోనే 40 నుంచి 85కి ఎగబాకి, ఆపగానే అంతే వేగంగా పడిపోతోంది

కారణం: వేడి డై దగ్గరే ఇరుక్కుపోతోంది. 95 డిగ్రీలు చూపిస్తున్నా హీట్‌సింక్ అడుగు గోరువెచ్చగానే తగులుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అయినా వెంటనే బ్లేడు పట్టుకోకండి. ఇదే లక్షణం చూపించే చిన్న తప్పులు రెండున్నాయి. ఒకటి, కూలర్ సరిగ్గా కూర్చోకపోవడం: ఒక మూల స్క్రూ వదులుగా ఉండటం, కూలర్ అడుగున అంటించి వచ్చే ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించేయడం. నవ్వకండి, ఇది రోజూ జరిగేదే. రెండోది వోల్టేజ్. ఆటోలో వదిలేస్తే కొన్ని మదర్‌బోర్డులు అవసరానికి మించి ఇస్తాయి. ఇంటెల్ ఐ7 8700కెలో అన్ని కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు స్పీడు 4.3 గిగాహెర్ట్జ్ ఉండాలి. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే బోర్డు దాన్ని 4.7కి తోసేస్తుంది, వోల్టేజ్ కూడా దాంతోపాటే లేస్తుంది.

పరిష్కారం: కూలర్ విప్పి, పేస్ట్ ముద్ర చూడండి. మూత అంతటా సమంగా పరుచుకుని ఉండాలి. బయోస్‌లో ఆ ఎన్‌హాన్స్‌మెంట్ ఆఫ్ చేసి, వోల్టేజ్‌ను ఆఫ్‌సెట్ మోడ్‌లో 0.05 వోల్ట్ తగ్గించి చూడండి. చాలామందికి కథ ఇక్కడితోనే ముగుస్తుంది, పైసా ఖర్చు లేకుండా. ఇవన్నీ అయ్యాక కూడా గ్రాఫ్ నిట్టనిలువుగానే లేస్తుంటే, అప్పుడు మీ ప్రాసెసర్ ఏ తరానిదో చూడాలి.

డీలిడ్ ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు

2011 నాటి ఇంటెల్ 2600కెలో డైకి, మూతకి మధ్య సోల్డర్ (కరిగించి అతికే లోహం) ఉండేది. 2012లో 3770కెతో ఇంటెల్ అక్కడ మామూలు పేస్ట్ పెట్టడం మొదలుపెట్టింది. 4770కె, 4790కె, 6700కె, 7700కె, 8700కె అన్నీ పేస్ట్‌వే. 2018లో 9900కెతో మళ్లీ సోల్డర్‌కి వచ్చింది. మధ్యలో ఉన్న ఈ తరాలే డీలిడ్‌కి అసలైన గిరాకీలు. 2017లో 7700కె ఉన్నట్టుండి వేడెక్కుతోందని వినియోగదార్లు మొత్తుకుంటే, ఓవర్‌క్లాక్ చేయడం (నిర్ణీత స్పీడుకి మించి నడపడం), మూత తీయడం మేం సిఫారసు చేయం అని ఇంటెల్ చెప్పింది. ఇప్పుడు ఆ ప్రాసెసర్లకు ఎలాగూ వారంటీ దాటిపోయింది కాబట్టి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఆ బెంగ లేదు.

పేస్ట్ నాణ్యత ఒక్కటే దోషి కాదు. మూతను అంటించిన నల్లటి సిలికాన్ జిగురు దాన్ని కాస్త పైకెత్తి ఉంచుతుంది. దాంతో డైకి, మూతకి మధ్య సందు ఏర్పడి, ఆ సందు నిండా పేస్ట్ మందంగా ఉండిపోతుంది. కాబట్టి జిగురు మొత్తం గీకేయడం అనేది లిక్విడ్ మెటల్ రాయడమంత ముఖ్యమైన పని.

సోల్డర్ ఉన్నవాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఆ సోల్డర్ ఇండియం, 156 డిగ్రీలు దాటితే గానీ కరగదు. చల్లగా ఉన్నప్పుడు లాగితే డై పొరలు దాంతోపాటే లేచి వస్తాయి. అంత కష్టపడ్డా దక్కే లాభం పేస్ట్ తరాల్లో వచ్చేంత ఉండదు. ఎఎండి రైజెన్‌లలో ఎక్కువ భాగం సోల్డర్‌వే. 2200జి, 2400జి లాంటి కొన్ని మాత్రమే పేస్ట్‌వి.

రైజెన్ 7000 సిరీస్ కొని "95 డిగ్రీల దగ్గరే నిలబడుతోంది" అని టెన్షన్ పడేవాళ్లకు: అది లోపం కాదు. చాలా మోడళ్లను ఆ హద్దు దాకా వెళ్లి పనిచేసేలానే తయారుచేశారు. బయోస్‌లో ఎకో మోడ్ (తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగ్) పెట్టండి, వేడి బాగా దిగుతుంది, స్పీడులో తేడా కొద్దిగానే ఉంటుంది. ఇంటెల్ 12 నుంచి 14 తరాల వాటిలో సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) బిగింపు వల్ల ప్రాసెసర్ మధ్యలో కాస్త వంగుతుంది. వాటికి ఆ బిగింపు బదులు ఒత్తిడి సమంగా పడేలా చేసే కాంటాక్ట్ ఫ్రేమ్ వేస్తే చాలు.

మూత తీసేటప్పుడు

బ్లేడు వాడొద్దు. 6700కె నుంచి ఇంటెల్, డై కింద ఉండే ప్రాసెసర్ ఆకుపచ్చ బోర్డు మందం తగ్గించింది. బ్లేడు ఒక్క మిల్లీమీటరు లోపలికి దిగినా బోర్డులోని సన్నటి రాగి గీతలు తెగుతాయి, ఆపైన చేయగలిగిందేమీ లేదు. బెంచ్ వైస్‌లో పెట్టి చెక్కముక్కతో కొట్టే పద్ధతికీ ఈ పలచటి బోర్డులు వంగిపోతాయి. డీలిడ్ టూల్ కొనండి, లేదా ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఒక భాగం బోర్డును పట్టుకుంటే ఇంకోటి మూతను పక్కకు నెడుతుంది. ఏ మూల ఎటు పెట్టాలో టూల్‌తో వచ్చిన కాగితంలో చూసి మరీ పెట్టండి. స్క్రూ నెమ్మదిగా తిప్పుతుంటే జిగురు తెగి టప్పున శబ్దం వస్తుంది. ఆ శబ్దానికి గుండె ఒక్క క్షణం ఆగుతుంది గానీ, భయపడక్కర్లేదు.

ఎంత తిప్పినా కదలకపోతే బలం పెంచకండి. హెయిర్ డ్రయ్యర్‌తో మూతను కాసేపు వెచ్చబెట్టి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే లోపల సోల్డర్ లేదు కదా అని మోడల్ నంబర్ ఇంకోసారి చూసుకోండి.

జిగురును పాత ఏటీఎం కార్డు అంచుతో గీకండి, లోహం తగలనివ్వొద్దు. డైని, మూత లోపలి వైపుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. డై పక్కన చిన్న కెపాసిటర్లు, బయటికి కనిపించే కాంటాక్టులు ఉంటే వాటి మీద రంగులేని నెయిల్ పాలిష్ పూసి పూర్తిగా ఆరనివ్వండి. 4770కె, 4790కెలలో డైని ఆనుకునే ఒక వరుస ఉంటుంది, అక్కడ ఈ పని తప్పనిసరి. లిక్విడ్ మెటల్‌లో కరెంటు పారుతుంది మరి.

ఇక రాయడం. ఆవగింజంత చుక్క చాలు. మొదట అది డై మీద అంటుకోకుండా గుండ్రటి పూసలా అటూ ఇటూ దొర్లుతుంది. ఇంకొంచెం వేద్దామనిపిస్తుంది, వేయొద్దు. ఇయర్ బడ్‌తో మెల్లగా రుద్దుతూ ఉంటే ఒక చోట పట్టుకుంటుంది. ఆ తర్వాత పొర తనంతట తానే అద్దంలా పరుచుకుంటుంది. మూత లోపలి వైపు కూడా, డై తగిలేంత మేర, ఇలాగే పలచగా రాయాలి. మళ్లీ అంటించడానికి బైక్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరికే గ్యాస్కెట్ సిలికాన్ సరిపోతుంది. నాలుగు మూలలా నాలుగు చిన్న చుక్కలు, అంతే. చుట్టూ గీతలా పెడితే ఇంత సేపు గీకింది మళ్లీ తెచ్చిపెట్టుకున్నట్టే.

బిగించాక: ఆన్ అవుతోంది, డిస్‌ప్లే రావడం లేదు

ప్రాసెసర్ పోయిందని అనుకునే ముందు కూలర్ స్క్రూలు కాస్త వదులు చేసి చూడండి. ఒక పక్క ఎక్కువ బిగిస్తే కొన్ని కాంటాక్టులు సాకెట్ పిన్నులకు అందవు. తర్వాత ప్రాసెసర్ బయటికి తీసి, అడుగున బంగారు రంగు ప్యాడ్ల మీద జిగురు మరక గానీ, వేలి ముద్ర గానీ ఉంటే తుడవండి. సాకెట్‌ను టార్చ్ వెలుతురులో ఏటవాలుగా చూస్తే వంగిన పిన్ను తేడాగా మెరుస్తుంది. ఇవన్నీ సరిగ్గానే ఉండి, ఆకుపచ్చ బోర్డు అంచున గాటు గానీ, ఊడిన కెపాసిటర్ గానీ కనిపిస్తే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే.

రెండు ర్యామ్‌లలో ఒకటే కనిపిస్తోంది

దాదాపు ఎప్పుడూ ఇదే కథ: ఒత్తిడి సమంగా పడకపోవడం, లేదా ప్యాడ్ల మీద మురికి. పై పద్ధతే దీనికీ. ర్యామ్‌లు అటూ ఇటూ మార్చినా అదే స్లాట్ చచ్చి ఉంటే ర్యామ్ తప్పు కాదు.

వేడి తగ్గలేదు, లేదా రెండు కోర్లు మిగతావాటికన్నా పది డిగ్రీలు ఎక్కువున్నాయి

కోర్ల మధ్య నాలుగైదు డిగ్రీల తేడా ఎప్పుడూ ఉండేదే. పది దాటితే మూత వాలిందని గానీ, జరిగిందని గానీ అర్థం. సాకెట్ లీవర్ దించేటప్పుడు పై ఫ్రేమ్ మూతను ఒక పక్కకు నెడుతుంది. మనకు తెలియకుండానే లోపలి పొర చెదిరిపోతుంది. మళ్లీ తీసి చూడండి: మూత లోపల డై ఆకారం పూర్తిగా, నాలుగు అంచులతో పడాలి. ఒక వైపు పొడిగా ఉంటే అక్కడ డై, మూత సరిగ్గా తాకలేదన్నమాట. ఈసారి లీవర్ దించేటప్పుడు వేలితో మూతను అదిమిపెట్టి, జరగకుండా చూసుకోండి.

కొన్ని నెలలు బాగుండి, మళ్లీ మెల్లగా పెరుగుతోంది

మూత కింద మామూలు పేస్ట్ రాసుంటే, వేడి చల్లదనాల మధ్య అది పక్కలకు నెట్టుకుపోయి డై మీద పలచబడుతుంది. అక్కడ లిక్విడ్ మెటలే వాడాలి. అది వాడినా ఇలా జరుగుతోందంటే, మూత నికెల్ పూతను అరగదీసి రాగి బయటపెట్టారేమో గుర్తు చేసుకోండి. రాగి, లిక్విడ్ మెటల్‌లో ఉండే గాలియం అనే లోహాన్ని కొంత పీల్చుకుని బూడిద రంగుకి మారుతుంది, పొర గట్టిపడుతుంది. గీకి ఇంకోసారి రాస్తే ఆ తర్వాత చాలాకాలం నిలకడగా ఉంటుంది. అల్యూమినియం అడుగున్న కూలర్‌కి, మూత పైన లిక్విడ్ మెటల్ రాయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. గాలియం అల్యూమినియంలోకి చొరబడి దాన్ని పొడిలా రాల్చేస్తుంది.

లిక్విడ్ మెటల్ మదర్‌బోర్డు మీద పడింది

పవర్ కేబుల్ పీకేయండి. బ్లోయర్‌తో ఊదొద్దు, ఒక చుక్క వంద చుక్కలై పిన్నుల మధ్యకు పోతుంది. పెద్ద చుక్కను సిరంజితో పీల్చి, మిగిలిన మెరుపును ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో ఒక్కో దిక్కు నుంచి అద్దుతూ తీయండి, రుద్దొద్దు. సాకెట్ లోపల పడితే మదర్‌బోర్డును బయటికి తీసి, తలకిందులుగా పట్టుకుని, వెనక వేలితో తట్టి ముందు పెద్ద పూసలను రాలనివ్వండి. ఆ తర్వాత మంచి వెలుతురులో, భూతద్దంతో ఒక్కో పిన్ను వరుసా చూశాకే మళ్లీ ఆన్ చేయండి.